చేయి కదలకపోతే మాట విననట్టేనా?

తలకు బలమైన దెబ్బ తగిలిన ఒకరిని శ్రీకాకుళం నుంచో, విజయనగరం నుంచో విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి తీసుకువెళ్లారనుకోండి. కొన్నాళ్లకు అతడు కళ్లు తెరిచాడు. కాని పిలిస్తే పలకడు. చేయి కదపమంటే కదపడు. అతనికి స్పృహ ఉన్నట్టా, లేనట్టా?

మాట అర్థం చేసుకోవడం ఒక పని; చేయి కదపడం మరొక పని. మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞ వెళ్లే దారి దెబ్బతింటే, మాట అర్థమైనా చేయి కదలదు. కనుక మెదడునే పరీక్షించాలి.

మెదడులోని నాడీకణాలు విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. తలపై చిన్న లోహపు బిళ్లలు అమర్చి వాటిని నమోదు చేసే పరీక్షే ఇ.ఇ.జి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశాడు. ఇవి చాలా బలహీనమైనవి. 50 మైక్రోవోల్టుల తరంగమంటే, 1.5 వోల్టుల టార్చిలైటు బ్యాటరీలో 30 వేల వంతుల్లో ఒక వంతు!

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో దూరాన నిలబడితే ఒక్కొక్కరి మాట వినిపించదు. జనం హోరు వినిపిస్తుంది. ఇ.ఇ.జి. కూడా అంతే. లక్షల కణాల హోరునే అది పట్టుకుంటుంది.

ఆ హోరులో జవాబు వెతకడం ఎలా? రోగికి "కుడి చేయి మూస్తూ తెరుస్తూ ఉండండి" అని, కొంతసేపటికి "ఇక ఆపండి" అని పదేపదే వినిపిస్తారు. రెండు సమయాల్లోని తరంగాలను కంప్యూటరు పోలుస్తుంది. ఆజ్ఞను బట్టి ప్రతిసారీ తరంగాలు మారుతుంటే, చేయి కదలకపోయినా మాట అందినట్టే.

2019లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిన ఫలితాలలో, ఆజ్ఞలకు కదలని 104 మందిలో 16 మంది మెదడు ఇలా స్పందించింది. ఏడాది తరువాత ఆ 16 మందిలో 7గురు రోజుకు 8 గంటలు తోడు లేకుండా ఉండగలిగారు. స్పందన కనిపించనివారిలో అలా కోలుకున్నవారు నూటికి 14 మందే.

అయితే స్పందన కనిపించకపోతే స్పృహ లేదని తేల్చవచ్చా? తేల్చకూడదు. 2024లో వెలువడిన మరొక పరిశోధనలో, ఆజ్ఞ వినగానే కదలగలిగిన 112 మందిని కూడా ఇ.ఇ.జి.తోనో, మెదడు స్కానింగుతోనో, రెంటితోనో పరీక్షించారు. 43 మందిలోనే స్పందన దొరికింది! కనుక ఒక్క పరీక్షతో సరిపెట్టక, మళ్లీ మళ్లీ చూడాలి.

అలాంటి రోగి మంచం దగ్గర "వీడికేం వినపడుతుందిలే" అని మాట్లాడకండి. పేరు పెట్టి పిలవండి. చేయబోయేది చెప్పి చేయండి. కదలలేకపోయినా, ఆ మనిషి వింటూ ఉండవచ్చు.