అతుకు కనిపించని చిత్రం

ఖమ్మం నుండి కొత్తగూడెం అడవుల మీదుగా భద్రాచలం చేరిన యాత్రికులలో అనేకులు శ్రీరామ దర్శనానంతరం గోదావరిపై పాపికొండల విహారానికి బయలుదేరుతారు. కొండల నడుమ నది ఇరుకై, మలుపులు తిరుగుతూ సాగే ఆ దృశ్యాన్ని మనిషి తల తిప్పి చూడగలడు. కెమెరా కటకానికి ఆ వెసులుబాటు లేదు. ఎడమ కొండ చిక్కితే కుడి కొండ తప్పిపోతుంది. ఇటువంటి చోటనే అనేక ఛాయాచిత్రాలను ఒక్కటిగా కూర్చే విద్య అక్కరకు వస్తుంది.

ఛాయాగ్రాహకుడు ఒకే చోట నిలిచి ఎడమ నుండి కుడికి వరుసగా చిత్రాలు తీస్తాడు. ప్రతి చిత్రంలోనూ ముందరి చిత్రపు భాగం ఇంచుమించు మూడోవంతు మళ్ళీ కనిపించాలి. ఆ ఉమ్మడి భాగంలోని బండరాళ్ళను, చెట్ల కొనలను కంప్యూటర్ పోల్చి చూచి, చిత్రాలను తగినట్లు వంచి, వెలుగును సరిచేసి జోడిస్తుంది. లాంచీపై నుండి తీస్తే మాత్రం చిక్కే. లాంచీతోపాటు కెమెరా కూడా కదులుతుంది గనుక దగ్గరి చెట్లకు, దూరపు కొండలకు పొత్తు కుదరదు. ఒడ్డున నిలిచి తీసినా కదిలే పడవ ఒకే చిత్రంలో రెండుమార్లు కనిపించవచ్చు, లేదా సగమే మిగలవచ్చు.

అప్పుడు మనిషి చేయి అవసరమవుతుంది. 1990లో విడుదలైన ఫొటోషాప్‌లో 1994 నుండి పొరల పద్ధతి ప్రవేశించింది. పారదర్శకమైన కాగితాలవలె చిత్రాలు ఒకదానిపై ఒకటి నిలుస్తాయి. పై పొరకు తొడిగిన ముసుగులో తెల్లని చోట ఆ పొర కనిపిస్తుంది, నల్లని చోట మరుగవుతుంది, బూడిదరంగు చోట రెండూ కలిసిపోతాయి. సగం పడవను ఈ విధంగానే తొలగిస్తారు.

కూర్పు మాత్రం కంప్యూటర్‌తో పుట్టినది కాదు. 1858లో ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివులను కలిపి, మరణశయ్యపై ఉన్న యువతి చిత్రాన్ని రూపొందించాడు. అది నటులతో కల్పించిన దృశ్యమే అయినా, అంతటి దుఃఖాన్ని చిత్రించినందుకు కొందరు నొచ్చుకున్నారు. 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లే కెమెరాతో చేసిన మాయలను తెలుగు ప్రేక్షకులు మాయలని తెలిసే ఆనందించారు. ఆ తెలియడంలోనే అసలు తేడా ఉంది.

గోదావరి తీరంలో ఈ తేడా చిన్నది కాదు. పోలవరం ముంపు ప్రాంతంలోని ఒక గ్రామాన్ని చిత్రాల కూర్పుతో భద్రపరిస్తే, ఏ ఇల్లు ఏ చెట్టు పక్కన ఉండేదో రేపటివారికి తెలుస్తుంది. అందంకోసం వేరొక ఊరి గుడిసెను అందులో అతికిస్తే అది వర్ణచిత్రంగా రాణించవచ్చు గాని సాక్ష్యంగా పనికిరాదు. వరద చిత్రాల సంగతీ అంతే. భద్రాచలం వద్ద నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అంతటి ప్రవాహం ఒక్క చిత్రంలో ఇమడదు, కూర్చవలసిందే. అయితే మొదటి చిత్రానికి, చివరి చిత్రానికి నడుమ కొద్ది నిమిషాలకు మించి వ్యవధి ఉండరాదు. అసలు చిత్రాలను, తీసిన తేదీని, వేళను విడిగా దాచాలి. మొదటి ప్రమాద హెచ్చరిక నాటి 43 అడుగుల ఎడమ ఒడ్డును, మూడవ హెచ్చరిక నాటి 53 అడుగుల కుడి ఒడ్డును కలిపితే అతుకు కనిపించకపోవచ్చు. కాని ఆ గోదావరి ఏనాడూ ప్రవహించినది కాదు.