గోధుమ మానకముందే పరీక్ష

ఐనవిల్లి

అమ్మాయీ,

గోధుమ మానేసి మూడు నెలలైన నీ స్నేహితురాలికి సీలియాక్ పరీక్షలో ఏమీ తేలలేదని రాశావు. ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండొద్దని ముందు ఆ పిల్లకు చెప్పు. నర్సింగు చదివేదానివి, కారణం నీకూ తెలియాలి.

సీలియాక్ జబ్బున్నవాళ్ల ఒంట్లో గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ పడితే రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. రక్తంలో టీటీజీ యాంటీబాడీలు చూసినా, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసినా వెతికేది ఆ దెబ్బ ఆనవాళ్లనే. గోధుమ మానితే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పొర మానుతుంది. జబ్బు మాత్రం ఉంటుంది. గోధుమే కారణమని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో చూపినవాడు నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం డికె.

మన అన్నం తినేవాళ్లకు ఇంకో చిక్కుంది. 2016లో వెలువడిన భారతీయ అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి ఒకరికి మించి ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిన వెయ్యికి ఒకరికే కనిపించింది. జన్యువుల్లో పెద్ద తేడా లేదు. అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడ 25 గ్రాములే. అంటే మన ఇళ్లలో గోధుమ మానకపోయినా పరీక్షకు సరిపడా తినకపోవచ్చు. బియ్యపు రవ్వ ఉప్మా, ఇడ్లీ, ఆత్రేయపురం పూతరేకులు లెక్కలోకి రావు. చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా, మైదాతో చేసే తాపేశ్వరం కాజా వస్తాయి.

పరీక్షలో నిజం తేలాలంటే మళ్లీ గోధుమ ఎంత తినాలి? బ్రిటన్ వైద్యులు కనీసం ఆరు వారాలు, రోజూ ఒకటికి మించి పూటల్లో గోధుమ తినమంటారు. అమెరికా పద్ధతిలో రోజుకు 3 గ్రాముల గ్లూటెన్, రెండు వారాలు. తట్టుకోగలిగితే ఎనిమిది వారాల దాకా. రోజుకు రెండు చపాతీలతో ఆ 3 గ్రాములు సుమారుగా అందుతాయి. ఎన్నాళ్లన్నది డాక్టరే తేల్చాలి. గోధుమ తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లది వేరే సమస్య, ఎలర్జీ కావచ్చు. వాళ్లు ఈ ప్రయత్నం సొంతంగా అసలు చేయకూడదు. గోధుమ తినలేనంత బాధపడేవాళ్లకు డాక్టరు ముందు హెచ్‌ఎల్‌ఏ జన్యుపరీక్ష రాయవచ్చు. దానికి గోధుమ తినక్కర్లేదు. అందులో చూసే డీక్యూ2, డీక్యూ8 రకాలు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే.

ఇంకోటి, టీటీజీతోపాటు మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) కూడా చూశారో లేదో అడగమను. అది పుట్టుకతో తక్కువున్నవాళ్లకు మామూలు పరీక్ష జబ్బున్నా లేదని చెప్పవచ్చు.

డాక్టరు మళ్లీ గోధుమ తినమంటే, రక్తం ఇచ్చాక కూడా ఎండోస్కోపీ అయ్యేవరకు ఆపొద్దని ఆ పిల్లకు గట్టిగా చెప్పమ్మా.

మీ పెద్దమ్మ