ఎర్రగా కనిపించే పచ్చని చెట్టు

కొబ్బరిచెట్టుకు వేరు తెగులు సోకితే ఆకులు వడలిపోయి కాపు తగ్గుతుంది. వేల చెట్లలో ఏవి జబ్బువో తోట తోటా తిరిగి ఎన్నాళ్ళని చూస్తాం? 1970లో కేరళలో పి.ఆర్. పిషారటి అనే శాస్త్రజ్ఞుడి బృందం ఆకాశం నుంచి ఫోటోలు తీయించింది. మామూలు ఫిల్ముతో కాదు సుమా, పరారుణ కిరణాలను పట్టే ఫిల్ముతో!

ఈ కిరణాలు మన కంటికి కనబడవు. పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎరుపును చాలావరకు పీల్చుకుని, పరారుణాన్ని మాత్రం దండిగా తిప్పి పంపుతుంది. ఆకులోపలి కణాల అమరిక అలాంటిది. జబ్బుపడితే ఆ అమరిక చెడి, తిరిగివచ్చే పరారుణం తగ్గుతుంది. ఈ ఫిల్ము మీద పరారుణం ఎర్రగా పడుతుంది. కనుక ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఎర్రగా, తెగులు చెట్టు వెలిసిపోయినట్లు కనిపిస్తాయన్నమాట. తమాషాగా లేదూ!

మనదేశపు తొలి రిమోట్ సెన్సింగ్ ప్రయోగాలలో ఇదొకటి. ఇప్పుడు హైదరాబాదులోని జాతీయ కేంద్రానికి ఇందుకోసం సొంత విమానాలే ఉన్నాయి.