ప్రయాణం మనిషిని బయటపెడుతుంది

అరబీ భాషలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. ఉర్దూలోనూ ఇదే మాట. మన ఇళ్లలో ‘సఫర్‌లో ఉన్నారు’ అంటే పిల్లలకు కూడా అర్థమవుతుంది. కాని ఈ పదం మూలార్థం మీద దృష్టి పెట్టేవారు తక్కువ. ముసుగు తొలగించడం, దాగి ఉన్నదాన్ని వెల్లడి చేయడం అనే భావాలు ఆ ధాతువులోనే ఉన్నాయి. మద్రసాలో ఫజ్ర్ నమాజు వేళల గురించి చదివిన విద్యార్థికి ‘ఇస్ఫార్’ అనే మాట గుర్తుండే ఉంటుంది. చీకటి విడిపోయి వెలుతురు తేటపడటం అని దాని అర్థం. అది కూడా ఈ ధాతువు నుండి వచ్చినదే. మనిషి స్వభావాన్ని బయటపెడుతుంది గనుకనే ప్రయాణానికి ‘సఫర్’ అని పేరు వచ్చిందని ఇమామ్ గజాలీ (రహ్మలై) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో వివరించారు.

హజ్రత్ ఉమర్ (రజి) సమక్షంలో ఒక వ్యక్తి మరో వ్యక్తి మంచితనానికి హామీగా నిలబడ్డాడు. అతను మీ పొరుగువాడా అని ఉమర్ (రజి) అడిగారు. కాదన్నాడు. అతనితో డబ్బు లావాదేవీలు జరిపారా అని అడిగారు. లేదన్నాడు. పోనీ, అతనితో కలిసి ప్రయాణమైనా చేశారా అంటే అదీ లేదన్నాడు. అయితే అతనెవరో మీకు తెలియదని ఉమర్ (రజి) తేల్చి చెప్పారు. మస్జిద్‌లో అతను తల వంచుతూ లేపుతూ ఉండగా చూసి ఉంటారు, అంతే, అని కూడా ఆయన అన్నట్లు ఒక ఉల్లేఖనంలో ఉంది.

ఈ సంఘటనను మనం సాధారణంగా ఇతరులను పరీక్షించడానికే ఉపయోగిస్తాం. పిల్లనిచ్చేటప్పుడు, వ్యాపారంలో వాటా కలిపేటప్పుడు గుర్తు చేసుకుంటాం. కాని ఈ అద్దాన్ని మన వైపు తిప్పుకుంటే? ఇంట్లో మన భోజనం వేళకు వస్తుంది, మన పడక మనకుంటుంది, మన అలవాట్లు తెలిసినవాళ్లు సర్దుకుపోతారు. అలాంటి చోట నేను ఓర్పు గలవాణ్ణి అనుకోవడం తేలికే. ఆ ఓర్పు ఎంత ఉందో రైలు ఆరు గంటలు ఆలస్యమైన రాత్రి తెలుస్తుంది.

దివ్య ఖుర్ఆన్‌లో కహఫ్ సూరాలో ఉన్న హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రయాణ వృత్తాంతాన్ని ఈ కోణంలో చూడండి. ఆ ప్రయాణానికి కారణమేమిటో సహీహ్ బుఖారీలోని హదీసు తెలుపుతుంది. ఇస్రాయీల్ సంతతి వారి మధ్య ఆయన ప్రసంగించినప్పుడు, ప్రజల్లో అందరికంటే జ్ఞానవంతుడెవరని ఒకరు అడిగారు. నేనే అని ఆయన సమాధానమిచ్చారు. ఆ విషయం అల్లాహ్‌కే తెలుసు అని అనలేదు. అప్పుడు అల్లాహ్, రెండు సముద్రాలు కలిసే చోట నీకంటే ఎక్కువ తెలిసిన నా దాసుడొకడు ఉన్నాడని తెలియజేశాడు. మూసా (అలైహిస్సలాం) వెంటనే బయలుదేరారు. గమనించండి, ఆయన మామూలు మనిషి కాదు. అల్లాహ్‌తో సంభాషించిన ప్రవక్త, తౌరాత్ గ్రంథం పొందినవారు. అయినా ఒక బుట్టలో చేపను పెట్టుకుని, యూషా బిన్ నూన్‌ను వెంటబెట్టుకుని, ఎంత కాలమైనా సరే నడుస్తానని నిశ్చయించుకున్నారు.

చేప ఎక్కడ మాయమైతే అక్కడే ఆ దాసుడు ఉంటాడన్నది గుర్తు. ఒక బండ దగ్గర చేప సముద్రంలోకి జారిపోయింది. ఆ సంగతి చెప్పడం యూషా మరచిపోయారు. వాళ్లు ఆ చోటు దాటి చాలా దూరం వెళ్లాక మూసా (అలైహిస్సలాం) అలసిపోయానంటూ భోజనం అడిగారు. చేరవలసిన చోటు దాటిన తర్వాతే ఆయనకు అలసట తెలిసిందని హదీసులో ఉంది. అప్పుడు ఇద్దరూ తమ అడుగుజాడలు పట్టుకుని వెనక్కి వచ్చారు. వెతుకుతున్న చోటు మీదుగానే వెళ్లి కూడా మనిషి దాన్ని గుర్తించకపోవచ్చు. ఎన్ని ఊళ్లు తిరిగామని లెక్క చెప్పుకునేవాళ్లు ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

హజ్రత్ ఖిజ్ర్ (అలైహిస్సలాం) మొదటే చెప్పేశారు, నా వెంట ఉండి నీవు ఓర్చుకోలేవని. అల్లాహ్ తలిస్తే ఓర్పు గలవాడిగానే ఉంటానని మూసా (అలైహిస్సలాం) మాట ఇచ్చారు. తర్వాత జరిగింది మనకు తెలుసు. కిరాయి తీసుకోకుండా ఎక్కించుకున్నవాళ్ల పడవ పలకను ఖిజ్ర్ ఊడదీశారు. ఒక బాలుణ్ణి చంపారు. అన్నం పెట్టడానికి నిరాకరించిన ఊరిలో, కూలబోతున్న గోడను కూలి లేకుండా నిలబెట్టారు. మూడుసార్లూ మూసా (అలైహిస్సలాం) మాట్లాడకుండా ఉండలేకపోయారు. మొదటి రెండు అభ్యంతరాలూ ఇతరులకు అన్యాయం జరుగుతోందన్న ఆవేదన నుండి వచ్చినవి. మూడవది కూలి విషయం, అదీ ఆకలితో ఉన్నప్పుడు. ఇంకోసారి ప్రశ్నిస్తే నన్ను వెంట ఉంచుకోవద్దని షరతు పెట్టింది కూడా ఆయనే. అందరికంటే నేనే జ్ఞానవంతుణ్ణి అన్న మాటతో మొదలైన ఆ ప్రయాణంలో ఆయనకు దొరికింది మూడు సంఘటనల వివరణ మాత్రమే కాదు. తన ఓర్పుకు హద్దు ఎక్కడుందో కూడా ఆయనకు తెలిసింది. పడవ అంచున వాలి ఒక పిట్ట సముద్రంలో ముక్కు ముంచినప్పుడు, అల్లాహ్ జ్ఞానం ముందు మన ఇద్దరి జ్ఞానం ఆ పిట్ట తీసుకున్నంతే అని ఖిజ్ర్ ఆయనతో అన్నారు.

ఇక ఇమామ్ గజాలీ (రహ్మలై) విషయానికి వద్దాం. బగ్దాద్‌లోని నిజామియా మద్రసాలో ఆయన ప్రధాన అధ్యాపకులు. అంతకు మించిన హోదా ఆనాటి పండితుడికి అరుదు. అలాంటి మనిషి ఒకరోజు తన బోధన వెనుక ఉన్న సంకల్పాన్ని (నియ్యత్‌ను) తరచి చూసుకుంటే, అది అల్లాహ్ కోసం కాదనీ, పేరు ప్రతిష్ఠల కోసమనీ తేలింది. ఆ సంగతి ఆయనే తన ‘అల్‌ముంఖిజ్’ గ్రంథంలో దాచకుండా వ్రాసుకున్నారు. ఆరు నెలలపాటు వెళ్లాలా, ఉండాలా అని సతమతమయ్యారు. చివరికి తరగతిలో నాలుక పెగలలేదు, అన్నం అరగలేదు, వైద్యులు చేతులెత్తేశారు. హిజ్రీ 488లో (క్రీ.శ. 1095) ఆస్తిని పంచిపెట్టి, కుటుంబానికి సరిపడా మాత్రమే ఉంచి బయలుదేరారు. మక్కాకు వెళ్తున్నానని అందరికీ చెప్పి, సిరియాకు వెళ్లారు. దమస్కస్‌లో జామె మస్జిద్ మినారులోకి ఎక్కి, తలుపు వేసుకుని, పగలంతా ఏకాంతంగా గడిపేవారు. తర్వాత జెరూసలేం, ఆపై హజ్. చివరకు పిల్లల పిలుపులు ఆయనను ఇంటికి లాక్కొచ్చాయి.

ఇక్కడ మన మస్జిదుల్లో కొందరు పొరబడుతుంటారు. ఇల్లూ వాకిలీ వదిలి తిరగడమే గొప్ప అని గజాలీ జీవితం నుండి అర్థం తీస్తారు. ఆయన పారిపోయింది కుటుంబ బాధ్యత నుండి కాదు, తన పేరు నుండి. పైగా దైవప్రవక్త (సఅసం) ప్రయాణాన్ని పొగడలేదు. అది మనిషికి తిండినీ, నీళ్లనూ, నిద్రనూ దూరం చేసే ఒక యాతన అనీ, పని ముగియగానే ఇంటివారి దగ్గరకు త్వరగా రావాలనీ ఆదేశించారు. గల్ఫ్ దేశాల్లో ఒకే గదిలో ఎంతోమందితో సర్దుకుని బ్రతికిన కరీంనగర్, నిజామాబాద్, కడప సోదరులకు ఈ హదీసును వివరించాల్సిన పని లేదు. తోటివాడి గురకను భరించడం, వంట వంతు ఎగ్గొట్టకపోవడం, జీతం రాని నెలలో కూడా నోరు జారకపోవడం కూడా సఫర్ పాఠాలే.

ఒక ప్రయాణంలో కొందరు సహాబీలు ఉపవాసం ఉన్నారు, కొందరు లేరు. ఎండ తీవ్రంగా ఉంది. ఉపవాసం ఉన్నవాళ్లు నీరసించి పడిపోయారు. లేనివాళ్లు లేచి గుడారాలు వేశారు, జంతువులకు నీళ్లు పెట్టారు. ఈ రోజు పుణ్యమంతా ఉపవాసం లేనివాళ్లే తీసుకుపోయారని దైవప్రవక్త (సఅసం) అన్నారు. ఇప్పుడు మన ఉమ్రా బృందాలను చూడండి. బస్సులో కిటికీ పక్క సీటు కోసం, హోటల్‌లో కింది అంతస్తు గది కోసం వాదనలు. హరమ్‌లో కన్నీళ్లు, లిఫ్ట్ దగ్గర తోపులాట. హజ్ యాత్రలో జగడం కూడదని ఖుర్ఆన్ స్పష్టంగా నిషేధించింది. ఆ వాక్యంలోనే ప్రయాణ సామగ్రి వెంట తీసుకెళ్లమనీ, అన్నిటికంటే మేలైన సామగ్రి భయభక్తులేననీ (తఖ్వా) చెప్పింది. యెమెన్ నుండి కొందరు ఏ సామగ్రీ లేకుండా వచ్చి, మేము అల్లాహ్‌ను నమ్ముకున్నామంటూ మక్కాలో అడుక్కునేవారు. ఆ సందర్భంలో అవతరించిన ఆయతు ఇది. ప్రయాణం వాళ్ల ‘తవక్కుల్’ ఏపాటిదో చూపించింది.

అందుచేత బయలుదేరే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఫోన్‌లో ఒక్క ఫోటో కూడా తీయననీ, తిరిగి వచ్చాక ఎవరికీ చెప్పననీ అనుకుంటే కూడా నేను వెళ్తానా? జవాబు తటపటాయిస్తే యాత్ర మానుకోనక్కర్లేదు. ఆ తటపటాయింపు కూడా ఒక సమాచారమే. దాన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎవరి మీద విసుక్కున్నామో, ఏది దొరకనప్పుడు గొంతు మారిందో తలచుకోండి. ఇంట్లో ఏడాదిపాటు లెక్క చూసుకున్నా కనబడనివి అక్కడ వారంలో కనబడతాయి.

ప్రయాణం ఇంట్లో ఉండిపోయినవాళ్లను కూడా బయటపెడుతుంది. హిజ్రీ 9లో తబూక్ యాత్రకు ముస్లిములు మండుటెండలో బయలుదేరారు. కఅబ్ బిన్ మాలిక్ (రజి) ఆరోగ్యంగా, మునుపెన్నడూ లేనంత స్థోమతతో ఉన్నారు. రేపు సిద్ధమవుతానని రోజూ అనుకుంటూనే మదీనాలో ఉండిపోయారు. దైవప్రవక్త (సఅసం) తిరిగి వచ్చి, అలవాటు ప్రకారం ముందు మస్జిద్‌లో రెండు రకాతుల నమాజు చేసి కూర్చున్నారు. ఎనభై మందికి పైగా వచ్చి ప్రమాణాలు చేసి మరీ సాకులు చెప్పారు. కఅబ్ (రజి) వంతు వచ్చింది. మాట నేర్పు తనకూ ఉందనీ, కాని తన దగ్గర చెప్పుకోదగిన కారణమేదీ లేదనీ ఆయన విన్నవించుకున్నారు. ఆ నిజానికి ఆయన యాభై రోజుల బహిష్కారం అనుభవించారు. ఆ తర్వాత ఆయన పశ్చాత్తాపం స్వీకరించబడిందన్న శుభవార్త తౌబా సూరాలో అవతరించింది.