వేదిక నెక్కని ప్రసంగం

పాఠ్యభాగ ఉద్దేశం

బహిరంగ సభలో చేసే ఉపన్యాసం సమాజాన్ని ఆలోచింపజేసే బలమైన సాధనం. వక్తకు ఉండవలసిన స్వేచ్ఛను, శ్రోతలకు ఉండవలసిన సహనాన్ని ఒక చారిత్రక సంఘటన ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన సాహిత్యంలో 'సభ' అనే మాటకు విశిష్టమైన స్థానం ఉంది. మహాభారతంలో ద్రౌపది కురుసభను ఒక ధర్మసందేహం అడిగింది. తాను ముందే ఓడిపోయిన ధర్మరాజుకు తనను పణంగా ఒడ్డే అధికారం ఉందా అన్నది ఆమె ప్రశ్న. విజ్ఞులైన పెద్దలు సూటిగా సమాధానం చెప్పలేకపోయారు. కౌరవులలో వయస్సున చిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమె పక్షాన మాట్లాడాడు. కర్ణుడు అతణ్ణి అధిక్షేపించి కూర్చోబెట్టాడు. సభలో నిజం పలకడం ఎంత కష్టమో, దానిని చివరిదాకా వినడం అంతకంటె కష్టమని ఈ ఘట్టం తెలుపుతుంది. ఆధునిక భారతదేశ చరిత్రలో ఈ కష్టాన్ని కళ్లకు కట్టే సంఘటన ఒకటి 1936లో జరిగింది. అప్పుడు వక్త సిద్ధంగా ఉన్నారు, ప్రసంగం సిద్ధంగా ఉంది; సభ మాత్రం జరగలేదు.

లాహోరు నగరంలో 1922లో 'జాత్ పాత్ తోడక్ మండల్' అనే సంస్థ ఏర్పడింది. కులభేదాలను తెంచివేసే మండలి అని ఆ పేరుకు అర్థం. ఆర్యసమాజంతో సంబంధం ఉన్న సంస్కర్తలు దీనిని నడిపేవారు. ఆనాటి పంజాబులో కులాంతర భోజనాలను, వివాహాలను సమర్థించడం తేలిక కాదు. ఆ పని చేస్తూ వారు స్వజనుల నింద భరించారు. 1935 డిసెంబరులో ఈ మండలి కార్యదర్శి సంత్‌రామ్, తమ వార్షిక సభకు అధ్యక్షత వహించవలసిందిగా డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్‌ను కోరుతూ లేఖ వ్రాశారు.

ఆ ఆహ్వానం వచ్చిన కాలం గమనింపదగినది. అంతకు రెండు నెలల ముందు, 1935 అక్టోబరు 13న, నాసిక్ జిల్లాలోని యేవలా సభలో అంబేడ్కర్ ఒక ప్రకటన చేశారు. తాను హిందువుగా పుట్టినా హిందువుగా మరణించబోనని ఆయన చెప్పారు. ఆ మాట దేశమంతటా సంచలనం కలిగించింది. కులం గురించి ఆయన చేసిన అధ్యయనం మాత్రం కొత్తది కాదు. 1916లోనే న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, భారతదేశంలో కులాల పుట్టుకపై ఒక పరిశోధన పత్రం చదివారు. అందుచేత మండలి కోరిన ఉపన్యాసం రెండు దశాబ్దాల ఆలోచన ఫలితమని చెప్పవచ్చు. సవర్ణ హిందువుల సంస్కరణ సభలలో పాల్గొనడం తనకు ఇష్టం లేదని అంబేడ్కర్ మొదట సంకోచించారు. మండలివారు పట్టుబట్టి ఆయనను ఒప్పించారు.

ఆ ప్రసంగంలో అంబేడ్కర్ మొదట చరిత్రను తడిమారు. రాజకీయ సంస్కరణ ముందా, సాంఘిక సంస్కరణ ముందా అన్న వివాదం కాంగ్రెస్ తొలినాళ్ల నుంచే ఉంది. 1887లో ప్రారంభమైన సాంఘిక మహాసభ ఏటా కాంగ్రెస్ పందిరిలోనే జరిగేది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1898లో మద్రాసులో అధ్యక్షత వహించింది ఈ మహాసభకే. 1895లో పుణె కాంగ్రెస్ సమయంలో, సాంఘిక మహాసభకు పందిరి ఇస్తే తగులబెడతామని దాని విరోధులు బెదిరించారు. నాటినుంచి రెండు సభల దారులు వేరయ్యాయి. కులాన్ని కదల్చకుండా రాజ్యాధికారాన్ని మాత్రమే కోరేవారిని అంబేడ్కర్ ఈ సందర్భంలో నిలదీశారు. ఆర్థిక సమానత్వం వస్తే చాలునన్న సామ్యవాదులకు కూడా సమాధానం చెప్పారు. ఆస్తి ఒక్కటే అధికారానికి మూలం కాదనీ, మతం, సాంఘిక హోదా కూడా మనిషిపై అధికారం చెలాయిస్తాయనీ వివరించారు.

కులం పనిని పంచే ఏర్పాటు అన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. అది పనిచేసే మనుషులనే ఎక్కువతక్కువల మెట్లపై విడదీస్తున్నదనీ, వృత్తిని పుట్టుకకు కట్టివేసి వ్యక్తి శక్తిని వృథా చేస్తున్నదనీ అభిప్రాయపడ్డారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం పునాదిగా గల సమాజం తన ఆదర్శమని చెప్పారు. సహపంక్తి భోజనాలు చాలవనీ, కులాంతర వివాహాలే అసలైన మందు అనీ అన్నారు. అయితే ప్రజలు ఆ మందు ఎందుకు తీసుకోవడం లేదు? కులానికి శాస్త్రాల ప్రామాణ్యం ఉందన్న నమ్మకమే అందుకు కారణమని ఆయన నిర్ణయం. ఆ ప్రామాణ్యాన్ని ప్రశ్నించనిదే కులం పోదని స్పష్టంగా వ్రాశారు. హిందూమతం విడిచివెళ్లాలని తాను నిశ్చయించుకొన్నట్లు కూడా చివరలో తెలిపారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఆయనను పిలిచినందుకే మండలిపై అప్పటికే విమర్శలు చెలరేగాయి. లాహోరులోని కొందరు ప్రముఖులు సంస్థకు దూరమయ్యారు. ప్రసంగ పాఠాన్ని చూసిన పిమ్మట మండలివారికి భయం పెరిగింది. 1936 ఏప్రిల్ 14న మండలి ప్రతినిధి అంబేడ్కర్‌కు లేఖ వ్రాశారు. వేదశాస్త్రాల ప్రామాణ్యాన్ని విమర్శించిన భాగాలు అనవసరమనీ, వాటిని తొలగించాలనీ అందులో కోరారు. ఆ రోజు అంబేడ్కర్ నలభై అయిదవ జన్మదినం కావడం యాదృచ్ఛికం.

ఏప్రిల్ 27న అంబేడ్కర్ బదులు వ్రాశారు. ఒక్క కామా అయినా మార్చనని తాను ముందే చెప్పినట్లు గుర్తు చేశారు. ప్రసంగంలోని అభిప్రాయాలకు బాధ్యత పూర్తిగా తనదేనన్నారు. సభకు అవి నచ్చకపోతే, తనను ఖండిస్తూ తీర్మానం చేసినా తనకు అభ్యంతరం లేదని కూడా తెలిపారు. తనను అధ్యక్షునిగా పిలిచినవారే తన మాటను కత్తిరించడం తగదన్నది ఆయన వాదం. ఈ లేఖలో ఒక గొప్ప మర్యాద కనిపిస్తుంది. శ్రోతలు తనతో ఏకీభవించాలని ఆయన కోరలేదు. విని, ఆపైన కాదనే హక్కును వారికే వదిలిపెట్టారు. ఆ హక్కును మండలి వినియోగించుకోలేదు. సభ రద్దయింది.

ప్రసంగం మాత్రం ఆగలేదు. అప్పటికే బొంబాయిలో అచ్చయిన ఆ పాఠాన్ని, మండలితో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలను చేర్చి, 1936 మే నెలలో అంబేడ్కర్ పుస్తకంగా వెలువరించారు. వెల ఎనిమిది అణాలు. పదిహేను వందల ప్రతులు రెండు నెలలలో అమ్ముడుపోయాయి. తెలుగులో 'కుల నిర్మూలన'గా ప్రసిద్ధి పొందిన గ్రంథం ఇదే.

ఆ పుస్తకంపై మహాత్మాగాంధీ 'హరిజన్' పత్రికలో 1936 జులైలో వ్యాసాలు వ్రాశారు. శాస్త్రాల గురించీ, వర్ణధర్మం గురించీ అంబేడ్కర్ చెప్పిన దానితో ఆయన ఏకీభవించలేదు. అయినా విశిష్టుడైన వక్త అభిప్రాయాలను వినే అవకాశాన్ని ఆహ్వాన సంఘం ప్రజలకు దక్కనీయలేదని విచారించారు. సంస్కర్త ఎవరూ ఆ ప్రసంగాన్ని ఉపేక్షించలేరన్నారు. వెల తగ్గించి ఉంటే బాగుండేదని కూడా సూచించారు. అంబేడ్కర్ ఆయనకు తీవ్రమైన సమాధానం వ్రాసి, గాంధీజీ వ్యాసాలతో పాటు దానిని 1937లో వచ్చిన రెండవ ముద్రణలో చేర్చారు. ప్రత్యర్థి మాటను తన పుస్తకంలోనే పూర్తిగా అచ్చువేయడం, అవతలివారు తన మాట వినాలని కోరిన మనిషికి తగిన పని.

మండలివారిని కేవలం పిరికివారని కొట్టివేయడం న్యాయం కాదు. కులాన్ని ఎదిరించి నష్టపడినవారు వారు. అయినా తమ శ్రోతల సహనానికి వారే ఒక హద్దు గీశారు. ఆ ప్రసంగం విని లాహోరు సభ ఏమనేదో తెలుసుకొనే అవకాశం దానితో పోయింది. 1947లో దేశం రెండుగా విడిపోయింది. లాహోరు పాకిస్తాన్‌లో చేరింది. 1956 అక్టోబరు 14న అంబేడ్కర్ నాగపూరులో బౌద్ధం స్వీకరించారు. ఆ సభ ఇక ఎన్నటికీ జరగదు. అందులో వినిపించవలసిన ప్రశ్నలు మాత్రం పుస్తకరూపంలో నేటికీ సమాధానం అడుగుతూనే ఉన్నాయి. వికర్ణుణ్ణి కూర్చోబెట్టినంత మాత్రాన ద్రౌపది ప్రశ్నకు సమాధానం దొరకలేదు కదా!

అర్థాలు

పణం = జూదంలో ఒడ్డే సొమ్ము, పందెం
అధిక్షేపించు = నిందించు, ఆక్షేపించు
ప్రామాణ్యం = ప్రమాణంగా అంగీకరింపబడే గుణం
సహపంక్తి = ఒకే వరుసలో కూర్చుండుట
ఉపేక్షించు = పట్టించుకొనకుండు

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. అంబేడ్కర్ ప్రసంగంలోని ముఖ్యాంశాలను వివరించండి.
2. మండలి భయాన్ని, అంబేడ్కర్ నిర్ణయాన్ని పోల్చి మీ అభిప్రాయం తెలపండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. 1895లో సాంఘిక మహాసభకు ఎదురైన ఆటంకం ఏమిటి?
2. గాంధీజీ ఆ పుస్తకంపై వెలిబుచ్చిన అభిప్రాయాలేవి?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'జాత్ పాత్ తోడక్ మండల్' ఏ నగరంలో ఏర్పడింది?
2. 1898లో మద్రాసు సాంఘిక మహాసభకు అధ్యక్షత వహించినవారెవరు?