సున్న రాసిన రోజులు

నా పరుగుల నోటుబుక్కు ఏటా పట్నం వారం నాడు మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత వచ్చే ఆ ఆదివారంతో కొమురవెల్లి మల్లన్న జాతర మొదలై, ఉగాది ముందటి ఆదివారం అగ్నిగుండాలతో ముగుస్తుంది. ఈ జాతర రోజుల్లో మా మద్దూరు రోడ్ల మీద పొద్దుగాల ఐదు గంటలకే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. లద్నూరు వైపు కొందరు, సలాక్‌పూర్ వైపు కొందరు. ఎక్కువమంది కొలువు కోసం ఉరికే పిల్లలే. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అని పెట్టారు. అగ్నివీర్‌లో పూర్తి మార్కులు రావాలంటే 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగించాలి. ఆ కొన్ని నిమిషాల కోసం నెలల తరబడి కిలోమీటర్లు కూడబెట్టాలి.

కూడబెడదామంటే ఈ జాతర కాలమంతా ఆకాశం ఒక్క మాట మీద నిలబడదు. మాఘంలో పొగమంచు ఎంత చిక్కగా ఉంటుందంటే ఎదురొచ్చే ట్రాక్టర్ లైటు మీదికొచ్చేదాకా కనపడదు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. మోదుగులు పూసేసరికి ఏడు గంటలకే వీపు కాలుతుంది. ఇక సాయంత్రం ఉరుకుదామనుకుంటే గాలిదుమారం. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, లోపలి నుంచి వచ్చే పొడిగాలి మన మీదే కలుస్తాయి. కింద నేల కాగి ఉంటుంది. మేఘం గంటలో కొండంత లేచి రాళ్లు కురిపిస్తుంది. 2023 మార్చిలో రాష్ట్రమంతా ఆ రాళ్లవానలకు ఎంత పంట నేలపాలైందో రైతు ఇంట పుట్టినవాళ్లు మరచిపోలేరు.

ఇలాంటి కాలంలో రోజుకింత అని గిరి గీసుకుని నేను దెబ్బతిన్నాను. రోజూ ఆరు కిలోమీటర్లు నా లెక్క. ఒకసారి వానకు మూడు రోజులు పోయాయి. ఆ మూడు గడులనూ ఖాళీగా వదిలేశాను, సున్న రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగో రోజు నాలుగే ఉరికి ఆరు అని రాశాను. ఆదివారం నాడు అప్పు తీర్చేవాడిలా ఒక్కసారే పద్దెనిమిది ఉరికాను. మర్నాడు ముంగాలి ఎముక వెంట పోటు మొదలైంది, మెట్లు దిగలేకపోయాను. రెండు వారాలు మంచం మీద ఆ నోటుబుక్కే తిరగేశాను. కాలు నొప్పి తగ్గింది కానీ, ఎవరూ అడగని లెక్కలో, నేను తప్ప ఎవరూ చూడని పుస్తకంలో అబద్ధం రాశానన్నది మాత్రం ఇప్పటికీ నొప్పిగానే ఉంది. మనిషి తనతో తాను ఎలా ఉంటాడో అక్కడే తెలుస్తుంది.

దారి చూపింది వానను కొలిచే పద్ధతి. వాతావరణ శాఖ లెక్కలో రోజు అంటే పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వర్షపు రోజు అంటారు. అంతకన్నా తక్కువ పడితే ఆ తక్కువే రాస్తారు, చుక్క పడకపోతే సున్న రాస్తారు. నిన్న పడలేదని ఇవాళ్టి వానను పెంచి రాయరు. సున్నలు నిజంగా రాశారు కాబట్టే ఏ ఏడు కరువో, ఏ ఏడు కాలమైందో ఇవాళ మనం చెప్పగలుగుతున్నాం.

అప్పటి నుంచి నా పుస్తకంలో రెండు గడులు. ఒకదాంట్లో కిలోమీటర్లు, పక్కదాంట్లో కారణం. మంచు, దుమారం, ఎండ, బద్ధకం. బద్ధకానికి వేరే పేరు పెట్టను. లెక్క రోజుకు కాదు, వారానికి. పోయిన రోజు పోయినట్టే, దాన్ని ఆదివారం మీద మోపను. ఒక శిశిరం, ఒక వసంతం ఇలా రాసి చూస్తే నాకే ఆశ్చర్యమైంది: ఆకాశం నా దగ్గర నుంచి తీసుకున్నవి తొమ్మిది రోజులు, నేను పోగొట్టుకున్నవి పదిహేడు. అంతకుముందు అన్నీ వాన ఖాతాలోనే వేసేవాణ్ణి.

ఎండ గురించి కూడా ఆ రెండో గడే చెప్పింది. మార్చిలో నా వేగం పడిపోతే బలం తగ్గిందని దిగులుపడేవాణ్ణి. ఒంటికి ఎండ అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అందాకా ఒళ్లు చల్లబడటానికి గుండె చర్మానికి కూడా ఎక్కువ రక్తం పంపాలి, కాబట్టి అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ రెండు వారాలు నెమ్మదిగా వెళ్లడం ఓటమి కాదు.

ఒక్కోసారి ఆగిపోవడం కూడా ఓటమి కాదు. ఇంగ్లండ్ పరుగువీరుడు రాన్ హిల్ 1964 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా, 52 ఏళ్లకు పైగా, రోజూ కనీసం ఒక మైలు పరుగెత్తాడు. మైలంటే మన పిల్లల 1,600 మీటర్లకు తొమ్మిది మీటర్లు ఎక్కువ, అంతే. గుండెలో నొప్పి వచ్చిన మర్నాడు ఆపేశాడు. అన్నేళ్ల వరసను ఆపడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో నేను తరచూ తలచుకుంటాను.

పోయిన ఏడు ఉగాది దాటాక మా వాడకట్టు పిల్లవాడొకడు నాలాగే రెండు గడులు గీసుకున్న నోటుబుక్కు పట్టుకొచ్చాడు. కొలువుకు తయారవుతున్నవాడు. ముందురోజు పేజీ తడిసి, నీలిసిరా అలుక్కుపోయి ఉంది.

"అన్నా, నిన్న ఉరకలే. రాళ్లవాన పడ్డది. కొనుగోలు సెంటర్ల మా వడ్లున్నయి. ఇంటికాడికి, సెంటర్‌కు నాలుగుసార్లు ఉరికిన, టార్పాలిన్ల కోసం. అది లెక్కకొస్తదా?"

వాడి మోచేతి మీద రాయి తగిలిన చోట రూపాయి బిళ్లంత కమిలి ఉంది. రాయమందామనే నోటిదాకా వచ్చింది.

"వడ్లు దక్కినయా?"

"సగం దక్కినయన్నా."

నేను జవాబు చెప్పకముందే వాడు నా చేతిలో పెన్ను తీసుకున్నాడు. మొదటి గడిలో సున్న పెట్టాడు. పక్క గడి సరిపోక అంచు దాకా రాసుకుంటూ పోయాడు: రాళ్లవాన. బాపుతోని వడ్ల కాడ ఉన్న.