ఎముకల మందులు - దవడ సంరక్షణ

వృద్ధాప్యమున ఎముకలు గుల్లబారుట సామాన్యముగా కానవచ్చు వ్యాధి. ముట్లుడిగిన స్త్రీలలో ఇది అధికము. ఇట్టివారు కాలుజారి పడినంతనే తుంటి విరిగి మంచము పట్టుదురు. ఈ ఆపదను తప్పించుటకు వైద్యులు అలెండ్రోనేట్ మాత్రలు, జోలెండ్రోనిక్ ఆమ్లము, డెనోసుమాబ్ అను సూదిమందులు ఇచ్చుచున్నారు. కేన్సరు ఎముకలకు ప్రాకినవారికి ఈ సూదిమందులనే హెచ్చు మోతాదులో వాడుదురు. ఇవి మేలు చేయు మందులే. అయినను వీనివలన అరుదుగా దవడ ఎముక చెడిపోవును. ఈ ప్రమాదమును చాలవరకు నివారింపవచ్చును గనుక పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

దవడయే ఏల చెడును?

మన ఎముక నిత్యము కొంత కరగుచు, కొంత క్రొత్తగా ఏర్పడుచుండును. ఈ మందులు ఆ కరగుటను అరికట్టి ఎముకకు బలము చేకూర్చును. కాని గాయపడిన ఎముక మానవలెనన్న చెడిన భాగము ముందు తొలగవలెను. పాత గోడను బాగుచేయువాడు శిథిలమైన ఇటుకలను తీసిన పిదపనే క్రొత్తవి పేర్చును గదా! తొలగించు పని మందగించినచో గాయము మానదు. దవడపై చిగురుపొర పలుచన. నోటిలో సూక్ష్మజీవులు మెండు. పన్ను పీకినచో ఎముక బయటపడును. కావున చిక్కు అక్కడనే కలుగును.

పూర్వచరిత్ర

19వ శతాబ్దమున ఐరోపాలోని అగ్గిపెట్టెల కర్మాగారములలో తెల్ల భాస్వరపు ఆవిరి తగిలి కూలీల దవడలు కుళ్లెడివి. 1906లో బెర్న్ నగరమున కుదిరిన ఒడంబడిక అట్టి అగ్గిపుల్లలను నిషేధించినది. మన దేశమున 1913లో నిషేధ శాసనము వచ్చినది. దానిని పోలిన బాధ వేరొక కారణమున మరల బయటపడినది. 2003లో అమెరికాకు చెందిన శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్, ఎముకల మందులు వాడిన 36 మందిలో దవడ ఎముక చెడుటను వెల్లడించెను. భాస్వరమును నిషేధింపవలసి వచ్చినది. ఈ మందుల విషయమున జాగ్రత్త చాలును.

ప్రమాదమెంత?

ఎముకలు గుల్లబారినందుకు మందు వాడువారిలో ఇది పదివేల మందికి సుమారు ఇద్దరు మొదలు ఐదుగురికి కలుగవచ్చును. కేన్సరుకై హెచ్చు మోతాదు పొందువారిలో ఇంతకంటె చాల ఎక్కువ. పొగాకు, మధుమేహము, చిగుళ్ల వ్యాధి ప్రమాదమును పెంచును.

చేయవలసిన పనులు

1. మందు మొదలిడుటకు ముందే దంతవైద్యునికి నోరు చూపవలెను. పీకవలసిన పళ్లను ముందుగా పీకించి, గాయము మాననీయవలెను.

2. మందు వాడుచున్న సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. సంతలో పళ్లు పీకువారి కడకు పోరాదు.

3. దినమునకు రెండుమారులు పళ్లు తోముకొనవలెను. పొగాకు, చుట్ట మానవలెను. కట్టుడుపళ్లు ఒరసి పుండు పడకుండ సరిచేయించుకొనవలెను.

4. పన్ను పీకిన గుంట మానకున్నను, చీము పట్టినను, ఎముక కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఎనిమిది వారములకు మించి ఎముక బయటనే యున్నచో వైద్యులు దీనిని ఈ వ్యాధిగా గుర్తింతురు.

5. భయపడి స్వయముగా మందు మానరాదు. డెనోసుమాబ్ హఠాత్తుగా మానినచో వెన్నుపూసలు విరుగు ప్రమాదము కలదు.

సభ్యులు తమ వార్డులలో ఈ మందులు వాడు వృద్ధులెవరో ఆశా కార్యకర్తల ద్వారా తెలిసికొని, వారి కుటుంబములకు ఈ విషయములు బోధింపవలెను. తుంటిని కాపాడు మందు దవడకు కీడు కాకుండ చూచుట మన చేతిలోని పనియే.